ఇంజను లేని విమానము – ఒక్కసారే దిగు అవకాశము

ఇంటర్మీడియట్ ముగించి మన తరగతులలో అడుగుపెట్టిన విద్యార్థులను “ముందు ముందు ఏమి కావలెనని మీ కోరిక?” అని అడుగుట ఉపాధ్యాయులకు అలవాటు. డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు ఉద్యోగము అనే మాటల నడుమ ఇప్పుడు “పైలట్” అనే మాట కూడ వినవచ్చుచున్నది. చెప్పువారిలో ఆడపిల్లలు కూడ ఉన్నారు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల వ్యవసాయ కుటుంబాల నుండి, చిన్న దుకాణదారుల ఇళ్ళ నుండి వచ్చిన పిల్లలు ఈ మాట ధైర్యముగా పలుకుట మాకు సంతోషము కలిగించినది. అయితే విమానము నడుపుట అనగా ఎగురుట అనియే వారందరి ఊహ. దిగుటను గురించి ప్రశ్న వేసిన విద్యార్థి మాకు ఇంతవరకు తారసపడలేదు. వారు వేయని ఆ ప్రశ్నను గురించియే ఈ నాలుగు మాటలు.

విమాన శిక్షణ అనునది మనకు దూరపు విషయము కాదు. మాచర్ల మండలము విజయపురి సౌత్‌లో, నాగార్జునసాగర్ కుడిగట్టున, ఒక చిన్న రన్‌వే ఉన్నది. 2022 ఫిబ్రవరి 26వ తేదీన అక్కడ నుండి ఒంటరిగా బయలుదేరిన ఒక శిక్షణార్థిని నడుపుచున్న సెస్నా 152 రకపు రెండు సీట్ల విమానము కృష్ణానదికి ఆవల, నల్లగొండ జిల్లా పెద్దవూర మండలము తుంగతుర్తి పొలాలలో కూలిపోయినది. ఆ యువతి మరణించినది. అది గ్లైడర్ కాదు, ఇంజను గల విమానమే. ఆ ప్రమాదానికి బాధ్యులెవరని నిర్ణయించుట ఈ వ్యాసపు పని కాదు. అది విచారణాధికారుల పని. కాని చేలలో పడియున్న ఆ రెక్కల చిత్రమును పత్రికలలో చూచిన ఏ తల్లియైనను తన బిడ్డ పైలట్ అగుదునని చెప్పినప్పుడు ఉలిక్కిపడక మానదు. ఆ తల్లికి “ఏమీ కాదులెండి” అని ధైర్యము చెప్పుట మాకు ఇష్టము లేదు. ఏమి అడిగి, ఏమి చూచి పంపవలెనో చెప్పుటయే మర్యాద.

మా అభిప్రాయము ఇది: ఎగురుట నేర్వదలచిన యువకునికి, యువతికి మొదటి బడి గ్లైడర్ కావలెను. ఆ బడిలో ముఖ్యమైన పాఠము దిగుట కావలెను. శిక్షణార్థిని ఒంటరిగా పంపు నిర్ణయము ఎన్ని గంటలు ఎగిరినాడను లెక్కను బట్టి గాక, దిగునప్పుడు తనంతట తాను ఎట్టి నిర్ణయాలు చేసినాడను దానిని బట్టి జరుగవలెను.

గ్లైడర్ అనగా ఇంజను లేని విమానము. నేల మీది వించి యంత్రము పొడవైన ఇనుప తాడును చుట్టుకొనుచు దానిని గాలిలోకి లాగును. లేక ముందు ఎగురుచున్న మరియొక విమానము తాడుతో పైకి తీసికొనిపోవును. తాడు విడిచిన తరువాత దానికి ఉన్న ధనమంతయు ఎత్తు మాత్రమే. ఆ ధనము క్షణక్షణము ఖర్చగుచుండును. పైకి లేచు వేడి గాలి దొరికినప్పుడు కొంత రాబడి ఉండును. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇక్బాల్ కవిత్వములోని శాహీన్ వెంటనే గుర్తుకు రావచ్చును. కాని గ్లైడరుకు గురువు ఆ డేగ కాదు, మన ఊరి గద్దయే. ఎండకాలపు మధ్యాహ్నము కోటప్పకొండ మీద రెక్క కదపకుండ సుళ్ళు తిరుగుచు చుక్కయంత అయ్యేవరకు పైకి పోవు గద్దను చూడని పల్నాటి వాడు ఉండడు. గ్లైడర్ చేయు పని అక్షరాల అదియే. మన దేశపు పౌర విమానయాన శాఖ వారి సాంకేతిక కేంద్రము 1950ల చివరి నుండి రూపొందించిన గ్లైడర్లకు అశ్విని, భరణి, రోహిణి, ఆర్ద్ర అని నక్షత్రాల పేర్లు పెట్టినారు. 1961లో మొదట ఎగిరిన రోహిణి, ఇద్దరు పక్కపక్కన కూర్చుండు శిక్షణ గ్లైడర్. రోళ్ళు పగులు కార్తె పేరు దానికి పెట్టుట తెలిసి చేసినారో, తెలియక చేసినారో గాని, నేల అంత కాగినప్పుడే గదా గ్లైడరుకు పైకి పోవు గాలి దొరకునది!

ఎగురుటకన్న దిగుట కష్టమను సంగతిని చరిత్ర మొదటి పుటలోనే వ్రాసిపెట్టినది. తొమ్మిదవ శతాబ్దములో స్పెయిన్ దేశపు కుర్తుబా నగరములో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అను పండితుడు ఒంటికి ఈకలు కప్పుకొని, రెక్కలు కట్టుకొని, ఎత్తైన చోటు నుండి గాలిలోకి దూకి కొంత దూరము తేలినాడని పదిహేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసినాడు. ఈ కథను మన సభలలో గర్వముగా చెప్పుకొందుము, చెప్పుకొనవచ్చును కూడ. అయితే కథలో సగము మాత్రమే చెప్పుట మన అలవాటు. మిగిలిన సగము ఏమనగా, ఆయన దిగునప్పుడు వీపునకు గట్టి దెబ్బ తగిలినది. పక్షి దిగునప్పుడు తోకను ఉపయోగించునని గ్రహింపక, తనకు తోక అమర్చుకొనలేదని ఆ చరిత్రకారుడే కారణము కూడ చెప్పినాడు. ఈ వాక్యములో ఉన్న శాస్త్రము మాకు ఆ సాహసము కన్న విలువైనదిగా తోచును. ఎగురుటకు కావలసినవి రెక్కలు. దిగుటకు కావలసినది వేగమును, దిశను అదుపులో నుంచు సాధనము. ఆ రెండూ వేరు వేరు విద్యలు.

వెయ్యేళ్ళ తరువాత జర్మనీలో ఓటో లిలియెంథాల్ తాను చేసిన గ్లైడర్లతో రెండు వేల సార్లకు పైగా కొండ మీద నుండి తేలినాడు. 1896 ఆగస్టు 9న గ్లైడర్ ముక్కు పైకి లేచి, వేగము చచ్చి, నేలకూలినాడు, మరునాడు మరణించినాడు. రైట్ సోదరులు ఆ మరణమును శ్రద్ధగా చదివినారు. ఇంజను బిగించుటకు ముందు, 1902లో, ఇసుక దిబ్బల మీద దాదాపు వెయ్యి సార్లు గ్లైడరుతోనే ఎగిరి దిగినారు. 1903 నాటి విజయము ఆ దిగుళ్ళ పునాది మీద కట్టినది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత సంధి షరతుల వల్ల ఇంజను విమానాలకు కట్టుబాట్లు ఏర్పడిన జర్మనీలో 1920 నుండి వాసర్‌కుప్పె కొండ గ్లైడర్లకు నిలయమైనది. అక్కడి తొలినాటి శిక్షణ గ్లైడరుకు ఒకే సీటు ఉండెడిది. గురువు నేల మీద నిలిచి కేకలు వేయును; శిష్యుడు ఒంటరిగా గంతు వేసి దిగును. కాళ్ళు విరుగగొట్టుకొని నేర్చుకొన్న ఆ విద్యకు తరువాత రెండు సీట్ల గ్లైడర్లు వచ్చినవి. గురువు గాలిలో శిష్యుని పక్కకు వచ్చినాడు. గ్లైడర్ శిక్షణలో ప్రాణరక్షణకు తోడ్పడిన మార్పులలో దీనిని మించినది లేదని మా నమ్మకము.

ఇంజను గల విమానములో దిగునప్పుడు లెక్క తప్పినచో మరల శక్తి పెంచి పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, రెండవసారి ప్రయత్నించవచ్చును. గ్లైడరులో ఆ సౌకర్యము లేదు. పరీక్షలో తప్పిన విద్యార్థికి సప్లిమెంటరీ పరీక్ష ఉండును. గ్లైడరుకు మార్చి ఒక్కటే. అందుచేత దిగుట అను పని నేల దగ్గర మొదలగునది కాదు, పైన, ఎత్తు ఇంకను చేతిలో ఉన్నప్పుడే మొదలగునది. ఒక చిన్న లెక్క చూడుడు. శిక్షణకు ప్రసిద్ధమైన ఏఎస్‌కె-13 గ్లైడర్ నిలకడ గాలిలో ఒక మీటరు ఎత్తు ఖర్చు చేసి సుమారు 28 మీటర్లు ముందుకు పోవును. దాని తరువాతి ఏఎస్‌కె-21 సుమారు 34 మీటర్లు పోవును. నరసరావుపేట మీద కిలోమీటరు ఎత్తున ఉన్న మొదటి రకపు గ్లైడర్, పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరములోని కోటప్పకొండ దాకా పోయి తిరిగి రాగలదని కాగితము మీద తేలును. తిరిగి వచ్చునప్పటికి మిగులునది దాదాపు నూరు మీటర్ల ఎత్తు. లెక్కలో మన విద్యార్థి ఉత్తీర్ణుడే. గాలిలో మాత్రము అప్పటికే అనుత్తీర్ణుడు. ఎందుచేతననగా, క్షేమముగా దిగుటకు రన్‌వే పక్కకు చేరునప్పటికి సుమారు 200 నుండి 250 మీటర్లు ఉండవలెను. ఆఖరి మలుపు నూరు మీటర్లకు తక్కువ కాని ఎత్తులో పూర్తి కావలెను. పైగా నిలకడ గాలి అనునది పుస్తకములోనే ఉండును. ఎదురుగాలి వీచినను, దిగజారు గాలిలో చిక్కినను, ఆ 28 సగమైపోవును. కనుక మంచి గురువు “ఎంత దూరము పోగలవు?” అని అడుగడు, “ఏ ఎత్తున వెనుదిరుగుదువు?” అని అడుగును.

దిగు క్రమము ఇట్లుండును. గ్లైడర్ మొదట రన్‌వేకు సమాంతరముగా, గాలి వాలున సాగును. ఆ దారిలోనే పైలట్ గాలి దిక్కును, రన్‌వే మీది అడ్డంకులను, తన వేగమును, రెక్కల మీది ఎయిర్ బ్రేకులను సరిచూచుకొనవలెను. తరువాత అడ్డముగా మలుగును. చివరకు గాలికి ఎదురు తిరిగి, ఎయిర్ బ్రేకులు తెరచి వాలుగా దిగును. ఎయిర్ బ్రేకు అనగా రెక్క పై నుండి పలకవలె లేచి గాలిని అడ్డగించు సాధనము. దానిని ఎక్కువగా తెరచినకొలది దిగు వాలు నిటారగును, మూసినకొలది చదునగును. ఎక్కువ ఎత్తులో వచ్చినవాడు బ్రేకులు తెరచి ఎత్తును పోగొట్టుకొనవచ్చును. తక్కువ ఎత్తులో వచ్చినవానికి మూయుటకు బ్రేకులు మిగిలియుండవలెను. అవియు మూసియే ఉన్నచో అతనికి ఇక ఏ సాధనము లేదు. అందువలననే సగము బ్రేకులతో దిగునట్లు దారిని ఎంచుకొనుమని నేర్పుదురు. ఇరువైపుల దిద్దుకొను చోటు ఉంచుకొనుటయే ఆ సగము యొక్క అర్థము.

చేరవలసిన చోటుకు చేరుచున్నామో లేదో తెలిసికొను ఉపాయము చాల సులభమైనది. రన్‌వే మీద ఒక గుర్తును ఎన్నుకొని, వేగము మారకుండ ఉంచి, దానినే చూచుచుండవలెను. గుర్తు అద్దములో పైకి జరుగుచున్నచో మనము దానికి ఇవతలనే పడిపోదుము. కిందికి జరుగుచున్నచో దానిని దాటిపోదుము. కదలక నిలిచినచో సరిగా అక్కడికే పోవుచున్నాము. ఇంత తేలిక సూత్రము ఉండగా ప్రమాదము ఎక్కడ? మనిషి స్వభావములో. గుర్తు పైకి జరుగుట చూచి, “ఇవతలనే పడుచున్నాను” అని గ్రహించినవాని చేయి తెలియకుండ కర్రను వెనుకకు లాగి ముక్కు పైకెత్తును. మెట్టు ఎక్కలేనప్పుడు మోకాలు ఎత్తుట మనకు పుట్టుకతో వచ్చిన తెలివి. గాలిలో ఆ తెలివి పగవాడు. ముక్కు ఎత్తినచో దూరము పెరుగదు, వేగము తగ్గును. వేగము మరింత తగ్గినచో రెక్కకు ఎత్తు శక్తి నశించి గ్లైడర్ రాయివలె జారును. దీనినే స్టాల్ అందురు. లిలియెంథాల్ ప్రాణము తీసినది ఇదియే. చేయవలసినది ఎయిర్ బ్రేకులు మూసి, వేగమును కాపాడుకొనుట. భయము చెప్పుదానికి చేయి సరిగా వ్యతిరేకము చేయవలెను. ఉపన్యాసము విన్నందువలన ఇది అలవడదు. పక్కన గురువు ఉండగా ఎన్నో సార్లు చేసినప్పుడే అలవడును.

అంతకన్న కీడు ఆఖరి మలుపులో జరుగును. తక్కువ ఎత్తున ఆలస్యముగా మలుగువాడు రెక్కను ఎక్కువ వంచుటకు భయపడి, పాదముతో చుక్కానిని తొక్కి ముక్కును రన్‌వే వైపు తోయును. మలుపులో స్టాల్ వేగము ఎట్లును పెరుగును. 45 డిగ్రీల వంపులో దాదాపు ఐదవ వంతు, 60 డిగ్రీల వంపులో ఐదింట రెండు వంతులు హెచ్చగును. ఆ స్థితిలో లోపలి రెక్క ముందుగా శక్తి కోల్పోయి, గ్లైడర్ బొంగరమువలె తిరుగుచు పడును. వెయ్యి మీటర్ల ఎత్తున బొంగరము నుండి బయటపడుట శిక్షణలో భాగమే. ఎనుబది మీటర్ల ఎత్తున బయటపడుటకు చోటే లేదు. కనుక ఈ ప్రమాదమునకు మందు మలుపులో లేదు. మలుపునకు ముందే, ఎత్తు ఉన్నప్పుడే మలిగి, రన్‌వే సగమునకు అవతల దిగినను సరేయని ఒప్పుకొనుటలో ఉన్నది. రన్‌వే మొదటి గీత మీదనే దిగవలెనను పంతము వలన మెచ్చుకోలు వచ్చునేమో గాని క్షేమము రాదు. మన పల్నాటికి పంతముల ఖరీదు ఒకరు చెప్పవలసిన పని లేదు. కారెంపూడి వీరుల గుడి ఉండనే ఉన్నది.

పైకి పోవునప్పుడే తాడు తెగుట మరియొక ఘట్టము. వించి లాగుచుండగా గ్లైడర్ ముక్కు నిటారుగా ఆకాశము వైపు ఉండును. తాడు తెగిన క్షణములో వేగము ఇట్టే హరించును. అప్పుడు ముందుగా చేయవలసినది ముక్కును కిందికి వంచుట. తరువాత తగిన వేగము వచ్చువరకు వేచియుండుట. ఆ తరువాతనే ఎదుట చోటు ఉన్నదా, మలుగవలెనా అని ఆలోచించుట. ఈ వరుస తలకిందులైనచో, అనగా వేగము రాకముందే బ్రేకులు తెరచినను, మలిగినను, ఫలితము పైన చెప్పినదే. మంచి శిక్షణాలయాలలో గురువు ముందుగా చెప్పకుండ తానే తాడు విడిచి శిష్యుని పరీక్షించును. ఒంటరిగా పంపుటకు ముందు ఈ పరీక్ష జరుగని చోట మన పిల్లలు నేర్చుకొనరాదు.

రన్‌వేకు చేరలేని గ్లైడర్ పొలములో దిగవలసి వచ్చును. దూర ప్రయాణాలు చేయు గ్లైడర్ పైలట్లకు అది అవమానము కాదు, వృత్తిలో భాగము. అయితే మన నేలను పైనుండి చూచినవాడు మోసపోవు చోట్లు చాల ఉన్నవి. పై నుండి కొండల వాలు తెలియదు. అంతయు చదునుగానే కనిపించును. పత్తి తీసివేసిన చేలు బూడిద రంగులో నున్నగా కనిపించును. దిగి చూచినచో నడుము ఎత్తు పత్తికట్టె నిలిచియుండును. మాఘ ఫాల్గుణ మాసాలలో ఎర్రని తివాచీవలె కనిపించు మిరప కల్లాలు చదునైనవే, గాని అక్కడ కూలీలు, పట్టాలు, బస్తాలు ఉండును. వరి కోసిన మాగాణి గట్టిగా ఉండినను గట్లు అడ్డము వచ్చును. దాచేపల్లి, పిడుగురాళ్ళ వైపు సున్నపురాతి నేలలు, రాళ్ళ కుప్పలు, గుంతలు. ఇవి అన్నియు ఒక ఎత్తు, కరెంటు తీగలు ఒక ఎత్తు. బోరుబావి ఉన్న ప్రతి చేనికి తీగ పోవును. తీగ పైనుండి కంటికి ఆనదు, స్తంభము మాత్రమే ఆనును. రెండు స్తంభాలు కనిపించినచో నడుమ తీగ ఉన్నదనియే భావించవలెనను నియమము అందుచేత పుట్టినది. ఈ విషయములో మన రైతుబిడ్డకు పట్నపు బిడ్డకన్న ఒక ఆధిక్యము ఉన్నది. ఏ నెలలో ఏ చేను ఎట్లుండునో అతనికి తెలియును. ఆ తెలివిని శిక్షణలో ఉపయోగించుకొనవలెను. పొలములో దిగుట నేర్పువారు శిష్యుని మొదట ఆ పొలాల మీద నడిపించి, తరువాత అవే పొలాలను పైనుండి చూపించవలెను.

ఇంతవరకు చెప్పినది విద్య. ఇక సంస్థల సంగతి. మన దేశములో వాణిజ్య పైలట్ లైసెన్సునకు 200 గంటల ఎగురుట అవసరము. గంటకు ఇంత అని రుసుము. ఆ రుసుము కొరకు పొలము అమ్మినవారు, బంగారము కుదువపెట్టినవారు ఉన్నారు. గంటలకు డబ్బు ముడిపడినప్పుడు విద్యార్థి గంటలు ఎప్పుడు నిండునా అని చూచును, సంస్థ బృందము ఎప్పుడు ముగియునా అని చూచును. దిగుటలో చేయి కుదిరినదా అని చూచు తీరిక ఇద్దరికీ తగ్గును. గ్లైడరులో ఈ లెక్క తలకిందులగును. వించితో పైకి పోయి ఒక చుట్టు తిరిగి దిగుటకు ఐదారు నిమిషాలే పట్టును. అనగా గంట ఎగిరినచో పది దిగుళ్ళు. రైట్ సోదరులు నేర్చిన పద్ధతి ఇదియే. ఖర్చు తక్కువ, దిగుట ఎక్కువ. పేద ఇంటి బిడ్డకు ఇంతకన్న తగిన బడి ఉండదు.

మరియొక సంగతి గురుశిష్యుల నడుమ మాటకు సంబంధించినది. మన పిల్లలు గురువు ముందు “తెలియలేదు సార్” అనుటకే జంకుదురు. “ఈ రోజు నా మనసు నిలకడగా లేదు, ఒంటరిగా పోలేను” అనుట వారికి ప్రాణాంతకముగా తోచును. మొదటిసారి ఒంటరిగా ఎగురుటను శిక్షణాలయాలలో పండుగగా జరుపుదురు. తోటివారికి ఆ పండుగ జరిగి తనకు జరుగనివాడు చిన్నబోవును. ఆ చిన్నతనమును భరించలేక “సిద్ధమే” అనును. గట్టిగా నేలను తాకి దిగినవాడు దానిని దాచును. చక్రము వద్ద ఏర్పడిన పగులు తరువాత ఎగురువాని నెత్తిన పడును. కనుక తప్పు దిగుటను తానే వచ్చి చెప్పిన విద్యార్థికి జరిమానా, ఎగతాళి లేని చోటనే క్షేమము ఉండును. గురువుకు కూడ ఒక కష్టమున్నది. శిష్యుడు తప్పు చేయుచున్నప్పుడు వెంటనే కర్ర అందుకొన్నచో అతడు ఏమియు నేర్వడు. ఆలస్యముగా అందుకొన్నచో ఇద్దరును మిగులరు. తప్పును శిష్యుడు తానే గుర్తించునంత సేపు ఓర్చి, దిద్దుకొను ఎత్తు మిగిలియుండగానే అందుకొనుట గురువు నేర్పు. తరగతి గదిలో మేము చేయు పనియు కొంతవరకు అటువంటిదే, గాని మా తప్పునకు ఎవరి ప్రాణము పోదు.

“ఇది పాతకాలపు విద్య, నేడు విమానమును కంప్యూటరు నడుపును, గ్లైడర్ ఎందుకు?” అని కొందరు పెద్దలు అడుగుదురు. కంప్యూటరుకు ఇంధనము పోయదగినది కాదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767, ఇంధనపు లెక్కలో పౌండ్లకు కిలోలకు మధ్య జరిగిన పొరపాటు వలన, ఆకాశములోనే ఇంధనము నిండుకొని రెండు ఇంజన్లు ఆగిపోయినది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ అనుభవము గల గ్లైడర్ పైలట్. గిమ్లి అను ఊరిలో మూతపడిన వైమానిక స్థావరమును చేరునప్పటికి ఎత్తు ఎక్కువైనది. పియర్సన్ గ్లైడర్ పైలట్లు చేయునట్లు విమానమును పక్కకు జార్చి ఎత్తును పోగొట్టి, కార్ల పందెములకు వాడుచున్న ఆ రన్‌వే మీద దింపినాడు. లోపలి 69 మందిలో ఒక్కరును మరణించలేదు. 2001 ఆగస్టు 24న అట్లాంటిక్ మీద ఇంధనము కారిపోయిన ఎయిర్ ట్రాన్సాట్ విమానము 306 మందితో అజోర్స్ దీవులకు ఇంజను లేకుండనే చేరినది. 2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి ఇంజన్లు చెడిన విమానమును 155 మందితో హడ్సన్ నది మీద దింపిన సల్లెన్‌బర్గర్, యువకుడుగా వైమానిక అకాడమీలో గ్లైడర్లు నేర్చినవాడే. మన కల్పనా చావ్లాకు విమానములతో పాటు గ్లైడర్లను కూడ నేర్పు శిక్షకురాలి లైసెన్సు ఉండెడిది. ఆమె ఎక్కిన అంతరిక్ష నౌక కూడ భూమికి దిగునప్పుడు ఇంజను బలము లేని గ్లైడరే.

గ్లైడర్ అనగానే ప్రమాదము లేదని కూడ మేము అనము. 2020 అక్టోబరు 4న కొచ్చిలో నౌకాదళపు ఇంజను అమర్చిన గ్లైడర్ శిక్షణలో కూలి ఇద్దరు మరణించినారు. 2023 మార్చిలో ధన్‌బాద్‌లో విహారమునకు లేచిన ఒక గ్లైడర్ ఎగిరిన కొద్దిసేపటికే ఒక ఇంటి మీద పడినది. పైలటుకు, లోపలి 14 ఏళ్ళ బాలునికి తీవ్రమైన గాయాలు తగిలినవి. రన్‌వే చివర ఇళ్ళు, తీగలు పెరుగనిచ్చిన చోట శిక్షకుడు ఎంతటివాడైనను అతని చేతిలోని చోటు తగ్గిపోవును. విజయపురి సౌత్ వంటి రన్‌వేలకు ఒక వైపు జలాశయము, మరొక వైపు కొండలు. అక్కడ ఏనాడైనను గ్లైడర్ శిక్షణ పెట్టవలెనని కోరువారిలో మేము ముందుందుము. కాని చుట్టును ఉన్న తీగలను గుర్తించి పటము గీయుట, తాడు తెగినచో దిగు పొలాలను ముందే ఏర్పరచి ఆ రైతులతో ఒప్పందము చేసికొనుట, మధ్యాహ్నపు వడగాలిలో కొత్తవారిని ఒంటరిగా పంపకుండుట – ఇవి రిబ్బను కత్తిరించుటకు ముందే జరుగవలెనని కూడ కోరుదుము.

మన కళాశాల కమిటీ వారికి ఒక మనవి. విద్యార్థులకు ఇచ్చు ఆర్థిక సహాయమును విమాన శిక్షణకు కూడ ఇవ్వవలసిన రోజు దగ్గరలోనే ఉన్నది. ఆ రోజున శిక్షణ సంస్థను రుసుము ఎంతయని మాత్రమే అడిగి ఊరుకొనవద్దు. ఒంటరిగా పంపుటకు ముందు శిష్యుడు గురువు సాయము లేకుండ ఎన్ని సార్లు దిగవలెనని మీ నియమము? తాడు తెగుట, ఇంజను ఆగుట చెప్పకుండ పరీక్షింతురా? శిష్యుడు “ఈ రోజు వద్దు” అన్నచో అతని రుసుములో కోత పడునా? గట్టిగా దిగిన ప్రతిసారి వ్రాసిపెట్టు పుస్తకము ఉన్నదా, దానిని తల్లిదండ్రులకు చూపింతురా? ఈ నాలుగింటికి వ్రాతపూర్వకముగా సమాధానము ఇవ్వని సంస్థకు మన విద్యార్థి పేరు మీద ఒక్క రూపాయియు చెల్లించరాదని కమిటీ వారు రాబోవు సమావేశములోనే తీర్మానించవలెనని కోరుచున్నాము.